ఎనభై ఏడో వంతు అన్నయ్య

మా తోడల్లుడుగారికి ఏది కంటబడినా దాన్ని ఎనభై ఏడుతో భాగించాలి. ఆయనకున్న జబ్బు అదొక్కటే. తక్కినవన్నీ మంచి గుణాలే అంటారు మా అత్తగారు. ఉండొచ్చు. ఈ జబ్బు అడ్డంగా ఉండబట్టి నాకు అవేవీ సరిగ్గా కనబడలేదు.

ఎనభై ఏడే ఎందుకయ్యా అంటే, ఆయన ఆడుకునే బొమ్మరైలు అసలు రైల్లో సరిగ్గా ఎనభై ఏడో వంతు. రైలు ఆ లెక్కన ఉంది కనక స్టేషనూ, చర్చీ, చెట్లూ, మనుషులూ అదే లెక్కన ఉండాలి. ఇంతవరకూ ఎవరైనా ఒప్పుకుంటారు. ఆయన అక్కడ ఆగితే గొడవే లేదు. ముప్పై అయిదేళ్ళు సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైన మనిషాయన. ఊళ్ళకి ఊళ్ళని కాగితంలో ఇరికించిన చెయ్యి ఇంట్లో ఊరికే కూర్చోదు కదా.

ఒకసారి పైపులు బాగుచేసే అతను వచ్చి వంటింట్లో సింకు కింద దూరాడు. ఈయన వెనకాలే వెళ్ళి టేపు పట్టారు.

"వంగితే తొమ్మిది మిల్లీమీటర్లున్నావోయ్! అలాగే ఉండు, కదలకు. స్టేషన్లో మూటలెత్తేవాడికి సరిగ్గా సరిపోతావు."

అతను పానాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. సింకు ఇప్పటికీ కారుతూనే ఉంది.

పక్కింటివాళ్ళు నాలుగంతస్తులు లేపి పెరట్లోకి ఎండ రాకుండా చేశారని మా వదిన, అంటే ఆయన భార్య, ఒకరోజు నెత్తీ నోరూ బాదుకుంది.

"పద్నాలుగు సెంటీమీటర్లేగా!" అన్నారాయన.

"ఆ పద్నాలుగు సెంటీమీటర్ల వల్లే మీ లుంగీ మూడు రోజులుగా ఆరడం లేదు" అంది వదిన.

మా అత్తగారు ఆయన దృష్టిలో ఒకటీ ముప్పావు సెంటీమీటరు కూడా లేదు. ఆ మాట ఆవిడ మొహం మీదే అంటారు. ఆవిడకి అదీ పొగడ్తలాగే వినిపిస్తుంది. "మా పెద్దల్లుడిది ఎంత ఖచ్చితమైన బుర్రో" అని మురిసిపోతుంది. అదే నేను ఒకసారి పొరపాటున "మీకు ఆ షెల్ఫు అందదులెండి అత్తయ్యగారూ" అన్నందుకు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. పెద్దల్లుడికీ చిన్నల్లుడికీ ఆ ఇంట్లో తూకం రాళ్ళు వేరు. కింద వాటాలో ఆయనా, వదినా, అత్తగారూ. పై వాటాలో నేనూ మా ఆవిడా. పైన ఉన్నంత మాత్రాన పైచేయి రాదు.

ఇక నా సంగతి. నేను బోర్డులు రాసేవాణ్ణి. ముప్పై రెండేళ్ళు ఈ ఊళ్ళో మందుల షాపులూ, బట్టల కొట్లూ, సైకిల్ షాపులూ అన్నిటి నొసటా నా చేతిరాతే. చాకుపీసుతో గీత కొట్టి, కుంచె ముంచి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగానంటే 'శ్రీ' అనే అక్షరం బోర్డు మీద నిలబడేది. ఆ తర్వాత ఫ్లెక్సీ మెషీను వచ్చింది. అరగంటలో పన్నెండడుగుల బోర్డు బయటికి కక్కుతుంది. దాని మీద యజమాని ఫొటో, యజమాని కొడుకు ఫొటో, మిగిలిన మూల కొట్టు పేరు. ఈ ఏడు జనవరిలో నా కొట్టు మూసేశాను. ఆ గది అద్దెకి తీసుకున్నవాడు కూడా ఫ్లెక్సీలవాడే. నేను రాసుకున్న నా బోర్డు పీకే ఓపిక కూడా లేక, దాని మీదే తన ఫ్లెక్సీ మేకులు కొట్టి బిగించుకున్నాడు.

కొట్టు ఖాళీ చేసిన రోజు రంగు డబ్బాల మధ్య కూర్చుని ఉంటే ఈయన వచ్చారు. ఓదార్చడానికొచ్చారు కాబోలనుకున్నాను. టేపు తీసి కొట్టు వెడల్పు కొలిచారు.

"పదడుగులు. అంటే మూడున్నర సెంటీమీటర్లు" అన్నారు.

నా ముప్పై రెండేళ్ళ బతుకు మూడున్నర సెంటీమీటర్లు! చేతిలో టర్పెంటైన్ సీసా ఉంది. విసరకుండా ఎలా ఆపుకున్నానో నాకే తెలీదు. ఇంటికొచ్చి కుంచెలన్నీ చెత్తబుట్టలో పారేశాను.

ఆ తర్వాత నెల రోజులు నేను చేసిన పనల్లా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధిలో పోయేవాళ్ళని తిట్టుకోవడం. మా ఆవిడ కాఫీ తెస్తే వేడెక్కువైందని తిట్టాను. తేకపోతే తేలేదని తిట్టాను. చుట్టాలు వచ్చి "పాపం, ఏం చేస్తాం, కాలం అలా ఉంది" అంటూ నా వంక చూసే చూపు ఉంది చూశారూ, దానికన్నా మొహాన రంగు కొట్టినా బాగుండేది. జాలి నాకు పడదు. పుట్టుకతోనే పడదు.

ఒకరోజు పొద్దున్న ఆయన మెట్లెక్కి వచ్చారు.

"తమ్ముడూ, మన ఊళ్ళో ఏడు కొట్లున్నాయి."

"ఏ ఊళ్ళో?"

"కింద."

కింద వాటా హాలంతా ఆయన ఊరే. పన్నెండడుగుల బల్ల మీద క్రిస్మస్ నాటి ఊరు కట్టారు. చర్చి, చర్చి ముందు ఏడు సెంటీమీటర్ల క్రిస్మస్ చెట్టు, కొండ చుట్టూ తిరిగొచ్చే రైలు, వెనక తీగలు మెలిపెట్టి ఆయన చేత్తో చేసిన రెండొందల దేవదారు చెట్లు. మంచుకి దూది వాడితే ఆయనకి కోపం. పాలరాయి పొడి జల్లించి, రెండడుగుల మంచుకి ఏడు మిల్లీమీటర్ల చొప్పున పరిచారు. క్రిస్మస్ తాతని మాత్రం ఇంటి కప్పు మీద పెట్టనివ్వలేదు. తాత పొట్టా, తాత దిగాల్సిన పొగగొట్టమూ రెండూ కొలిచి, పట్టడని తేల్చారు. అందుకని తాత భుజాన మూటతో ప్లాట్‌ఫారం మీద రైలు కోసం చూస్తుంటాడు.

"ఏడు కొట్లకీ పోయినసారి కాగితం మీద అచ్చు వేయించి బోర్డులు అతికించాను. చూసినప్పుడల్లా సిగ్గుగా ఉంది. నువ్వు రాసిపెట్టు" అన్నారు.

"బొమ్మల కొట్లకి బోర్డులు రాసే గతి పట్టిందా నాకు?"

"రాయలేవా?"

"రాయలేకపోవడమేంటి!"

"అక్షరం మూడున్నర మిల్లీమీటర్లు దాటకూడదు మరి. ఈ వయసులో చెయ్యి వణుకుతుందేమో. పోనీలే."

పోనీలే అన్న మాట నాకు గూబలో కొట్టినట్టయింది. ఆయన మెట్లు దిగేలోపు మా ఆవిడ ఏమీ ఎరగనట్టు ఒక సన్నకుంచె తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను పారేసిన రోజే ఏరి దాచిందట.

మొదటి బోర్డు 'రొట్టెల కొట్టు'. రాసి తీసుకెళ్ళాను. ఆయన భూతద్దం, స్కేలు తీశారు.

"అక్షరం నాలుగు మిల్లీమీటర్లుంది."

"అర మిల్లీమీటరేగా అన్నయ్యగారూ!"

"అసలు కొట్టు మీదైతే దాదాపు రెండంగుళాలు. ఎవడొప్పుకుంటాడు?"

మళ్ళీ రాశాను. ఈసారి ఒత్తులు కింద అంచు దాటాయన్నారు. మూడోసారి కోపంతో ఒత్తులు లేకుండా రాసుకెళ్ళాను.

"రొటెల కొటు?" అన్నారాయన పైకి చదివి. "ఒత్తులేవోయ్?"

"మీ ఊళ్ళో పట్టడం లేదు. బయట నిలబడ్డాయి."

అత్తగారు నవ్వింది. నేనన్న మాటకి ఆవిడ నవ్వడం పాతికేళ్ళలో అదే మొదటిసారి. ఇంటికొచ్చి కుంచెలో రెండే వెంట్రుకలు ఉంచి, తక్కినవి కత్తిరించి, నాలుగోసారి రాశాను. అద్దం పెట్టి చాలాసేపు చూశారు. "ఊఁ" అన్నారు. అంతే. ఆ 'ఊఁ' కోసం నేను రెండు రోజులు చచ్చాను.

ఏడు బోర్డులూ అయిపోయాయి. హమ్మయ్య అనుకుంటుండగా నాలుగో రోజు మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"ఇంకో చెప్పుల కొట్టు కట్టాను."

"ఒకటుందిగా!"

"అది కొత్త చెప్పులు అమ్మేది. ఇది పాతవి బాగుచేసేది."

మా అసలు యుద్ధం ఆ బోర్డు దగ్గరే మొదలైంది. నేను 'ఇచ్చట పాత చెప్పులు బాగుచేయబడును' అని రాశాను.

"ఇచ్చట ఎందుకు? కొట్టు ముందు నిలబడి చదివేవాడికి ఎచ్చటో తెలీదా?"

"ఇచ్చట లేకపోతే అది బోర్డు కాదు. ముప్పై రెండేళ్ళు ఇచ్చట రాసి బతికాను."

"చోటు చాలదోయ్."

"కొట్టు పెద్దది కట్టండి."

నిజంగానే కొట్టు పీకి, ఇంకో సెంటీమీటరు వెడల్పు చేసి మళ్ళీ కట్టారు. పావు మిల్లీమీటరుకి ప్రాణం తీసే మనిషి నా 'ఇచ్చట' కోసం గోడ జరిపారు. నెగ్గానని నేను మీసం మెలేశాను. ఎందుకు నెగ్గనిచ్చారో ఆలోచించలేదు.

అక్కణ్ణించి ఆ ఊళ్ళో కొట్లు పెరిగిన వేగం నేనే ఊళ్ళోనూ చూడలేదు. గొడుగుల కొట్టు. గడియారాల కొట్టు. ఇంకో గడియారాల కొట్టు. చర్చి ప్రహరీకి ఆనించి కొవ్వొత్తుల కొట్టు. మంగలి షాపు, దానికి ఎదురుగా దానికి పోటీ మంగలి షాపు. ఒకరోజు వెళ్ళేసరికి వెనక దేవదారు చెట్లన్నీ పీకి అట్టపెట్టెలో పెట్టి కట్టేశారు. ఆ చోట కొత్త వీధి వెలిసింది.

"ఈ చెట్లు చెయ్యడానికి రెండేళ్ళు పట్టిందన్నారుగా?" అన్నాను.

"నీడ ఎక్కువైంది. పీకేశాను" అన్నారు.

వదినకి ఒళ్ళు మండిపోయింది. "ఇంట్లో ఉల్లిపాయ లేదంటే వినిపించదు. ఆ ఊళ్ళో మాత్రం నాలుగు కూరగాయల కొట్లు! వెళ్ళి అక్కడే కొనుక్కురండి" అంది.

నాకు మాత్రం తీరిక లేదు. పొద్దున్నే స్నానం చేసి, కళ్ళజోడు తుడుచుకుని, చెయ్యి కుదురుగా ఉండాలని కాఫీ కూడా మానేసి కూర్చునేవాణ్ణి. చుట్టాలెవరైనా వచ్చి "పాపం" అనబోతే, "ఉండండి, తర్వాత మాట్లాడదాం, ఆయన నా కోసం కూర్చున్నారు" అనేవాణ్ణి. మా ఆవిడతో రోజూ ఒకటే మాట: "నేను లేకపోతే ఆయన ఊరు ఉత్త అట్టముక్కలే తెలుసా!" ఆవిడ తలూపేది. కిందకెళ్ళి అత్తగారి ముందు కూడా అదే అనేవాణ్ణి. అన్నయ్యగారు అక్కడే ఉండి జిగురు పూసుకుంటూ వినేవారు, కాదని ఒక్కనాడూ అనలేదు.

డిసెంబరొచ్చింది. బొమ్మరైళ్ళ సంఘంవాళ్ళు ఏటా పురపాలక హాల్లో పోటీ పెడతారు. కప్పంటే అన్నయ్యగారికి పిచ్చి. లోకంలో ఎనభై ఏడుతో భాగించకుండా ఆయన కోరుకున్న వస్తువు అదొక్కటే. మూడేళ్ళుగా అది ఒక పళ్ళ డాక్టరుగారి ఇంటికి పోతోంది. ఆ డాక్టరు ఒక్క గోడ కూడా తన చేత్తో కట్టడు. అన్నీ తయారుగా కొని తెచ్చి పేర్చి, తెల్లగా నవ్వుతూ నిలబడతాడు. మూడేళ్ళూ మా అన్నయ్యగారిది రెండో స్థానమే. ఈ ఏడు కప్పు మనదేనని ఇల్లంతా కోడై కూసింది. అత్తగారు హాల్లో అలమర పై అర కూడా ఖాళీ చేయించింది.

ఊరిని నాలుగు ముక్కలు చేసి, వ్యానులో తీసుకెళ్ళి, హాల్లో మళ్ళీ అతికించాం. రైలు బయల్దేరింది. జనం మూగారు. అందరూ భూతద్దాలు పెట్టుకుని నా బోర్డులే చదువుతున్నారు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

న్యాయనిర్ణేతలు ఇద్దరు వచ్చారు. ఒకావిడ ఆర్కిటెక్టు, ఇంకొకాయన రైలింజను నడిపి రిటైరైన డ్రైవరు. ఆర్కిటెక్టమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఊరి జనాభా ఎంతండీ?" అంది.

"నలభై మూడు" అన్నారు అన్నయ్యగారు.

"కొట్లెన్ని?"

ఆయన వంగి రైలు పట్టాలు సర్దడం మొదలెట్టారు. నేను ఛాతీ విరుచుకుని, "అరవై ఒకటి!" అన్నాను.

"నలభై మూడు మందికి అరవై ఒక్క కొట్లా? చెప్పుల కొట్లే అయిదున్నాయి!"

"ఎనభై ఆరు కాళ్ళున్నాయి కదమ్మా" అన్నారు అన్నయ్యగారు చిన్న గొంతుతో.

"ఎనభై అయిదు. ఆ స్టేషను బల్ల మీద కూర్చున్నాయనకి ఒకటి ఊడిపోయింది" అన్నాడు డ్రైవరు. జనం ఘొల్లుమన్నారు. అంత ఖచ్చితమైన మనిషి అందరి మధ్యా తల దించుకుని నిలబడ్డారు.

ఆర్కిటెక్టమ్మ నవ్వలేదు. పాత కాగితమేదో తీసి చూసింది.

"పోయినేడు ఏడే కొట్లు. వెనక చక్కటి దేవదారు తోట. సహజత్వానికి మేము ఇరవైకి ఇరవై ఇచ్చాం. అంత లెక్కగా కట్టే మీకు ఈ ఏడు ఏమైంది? బోర్డులు అద్భుతం, నిజమే. కానీ ఇది ఊరులా లేదండీ, బోర్డులు పెట్టడానికి కట్టినట్టుంది."

ఆ మాట నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఏడు కొట్లు. జనవరిలో నా కొట్టు మూసేశాను. తర్వాత యాభై నాలుగు కొట్లు. నాకు తల కొట్టేసినట్టయింది.

"సగం తీసేసి చెట్లు పెట్టుకోండి. మూడింటిదాకా మార్పులు చేసుకోవచ్చు. అప్పుడొచ్చి మార్కులు వేస్తాం. అలా చేస్తే మీదే ముందుంటుంది" అని వాళ్ళు పక్క బల్లకి వెళ్ళారు.

నేను ఆయన్ని చెయ్యి పట్టుకుని హాలు వెనక తలుపు దగ్గరికి లాక్కుపోయాను.

"నా మీద జాలిపడ్డారా? ఏడాదంతా నన్ను చంటిపిల్లాణ్ణి చేసి ఆడించారా?"

"ఆడించానా? నీకు బోర్డు ఒక పూట పని. కొట్టు కట్టడానికి నాకు నాలుగు రోజులు. తలుపులూ, కిటికీలూ, గడియలూ! వేళ్ళు చూడు, జిగురు వదలడం లేదు. ఎవరు ఎవర్ని ఆడించారోయ్?"

"ఎవరు కట్టమన్నారు?"

"బోర్డు కావాలంటే కొట్టుండాలిగా! గాల్లో వేలాడదీయనా?"

"బోర్డు ఎవరికి కావాలి?"

"నాకు" అన్నారాయన కోపంగా. "నువ్వు ఏడు రాశావు. ఎనిమిదోది ఎలా రాస్తావో చూడాలనిపించింది. తర్వాత తొమ్మిదోది. నీ కొట్టు మూసినప్పటి నుంచీ వీధిలో చదవడానికి ఏముంది నాకు? అన్నీ ఫొటోలే."

నాకు పొగడ్తలు కొత్త కాదు. ఫ్లెక్సీలవాడు కూడా పొగిడే పంపించాడు. కానీ నా అక్షరం చదవడానికి వీధిలో నడిచిన మనిషొకడున్నాడని, ఆ మనిషి నా నెత్తి మీదే, కాదు, నా కాళ్ళ కిందే కాపురముంటున్నాడని నాకు తెలీదు. పైకి మాత్రం "సరే, కబుర్లు చాలు. టైము రెండైంది. నేను కొట్లు పీకుతాను, మీరు చెట్లు పెట్టండి" అన్నాను.

బల్ల దగ్గరికి వెళ్ళి పోటీ మంగలి షాపు మీద చెయ్యి వేశాను. ఆయన నా చేతి మీద ఫెడీల్మని ఒక్కటిచ్చారు.

"చెయ్యి తియ్యి."

"కప్పు వద్దా?"

ఆయన హాలు చివర బల్ల వైపు చూశారు. అక్కడ వెండిరంగు కప్పు మెరుస్తోంది. మూడేళ్ళుగా చూస్తున్న చూపే అది, నాకు తెలుసు. కాసేపు అలాగే చూసి మొహం తిప్పుకున్నారు.

"దాని మీద అక్షరాలు చూశావా? మెషీన్‌తో చెక్కారు. తలకట్లన్నీ వంకర. ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తు. అలాంటిది ఇంట్లో పెట్టుకుంటే రోజూ నీ కళ్ళు పోతాయి. వద్దు."

మూడయింది. కొట్లన్నీ అలాగే ఉన్నాయి. కప్పు పళ్ళ డాక్టరుకే వచ్చింది. మాకు ఈసారి రెండో స్థానం కూడా రాలేదు. అత్తగారు ఇంటికెళ్ళాక చిన్నల్లుడి గురించి ఏమంటుందో నేను అప్పుడే ఊహించుకున్నాను.

ఆయన కింద కూర్చుని రైలు పెట్టెలు కాగితంలో చుడుతుంటే, నేను మెల్లగా వెళ్ళి డాక్టరు చేతిలోని కప్పు తీసుకుని చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అన్నీ ఒకే ఎత్తు. తలకట్లు గీత గీసినట్టు ఉన్నాయి. వెతికినా ఒక్క వంకర దొరకలేదు. పావు మిల్లీమీటరు దగ్గర కూడా జన్మలో అబద్ధమాడని మనిషి, కొలతల గురించి నాతో పచ్చి అబద్ధమాడారు.

"ఎలా ఉందండీ కప్పు? బోర్డులు రాసేవారు కదా, అక్షరాలు బాగా చెక్కారా?" అన్నాడు డాక్టరు, ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి.

కుంచె పట్టినప్పటి నుంచీ నేను ఎవరి అక్షరాన్నీ అన్యాయంగా మాట అనలేదు. ఆఖరికి ఫ్లెక్సీలవాడి అక్షరాన్ని కూడా. అన్నయ్యగారు వెనక నుంచి వింటున్నారని తెలిసి, కాస్త గట్టిగానే చెప్పాను.

"ఘోరంగా ఉన్నాయండీ. తలకట్లన్నీ వంకరే."